పిన్నుకి చుట్టిన టేపు

నాగూర్‌కి ఆ రోజు కాలు నేల మీద నిలవడం లేదు. ఇన్నాళ్ళూ గురువుగారు పరాంకుశం గారి వెనక కేబుళ్ళు పట్టుకుని నడిచినవాడు, ఇవాళ తానే కెమెరా తొడుక్కోబోతున్నాడు. అదీ డైరెక్టరే పేరు పెట్టి పిలిస్తే!

షాటు కూడా మామూలుది కాదు. నాట్యం చేసే అమ్మాయి కుందన పూలరేకుల మధ్య కళ్ళు మూసుకుని పడుకుని ఉంటుంది. కెమెరా దూరం నుంచి పరుగున వచ్చి, ఆమె ముఖం మీదుగా తేలిపోవాలి. మధ్యలో కట్ లేదు.

చిక్కల్లా డైరెక్టర్ పెద్ద కెమెరా కావాలనడంతో వచ్చింది. కెమెరాని కుదుపుల్లేకుండా మోసే నాగూర్ సొంత స్టెబిలైజర్ అంత బరువు మోయదు. కాదంటే అవకాశం ఇంకొకరికి పోతుందని భయం. అందుకని ఒంటికి తొడుక్కునే వెస్టు ఒకచోట, కెమెరాని మోసే స్ప్రింగుల చెయ్యి ఇంకోచోట అద్దెకు తెచ్చాడు. ఆ చెయ్యి చివరి పిన్ను వెస్టు రంధ్రంలో వదులుగా ఆడింది. టేపు చుట్టి దూర్చేశాడు. కెమెరా ఎక్కించగానే చెయ్యి కిందికి వాలింది. స్ప్రింగులు ఇక తిరగనంతదాకా బిగించాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు మహానుభావుడు.

"గురువుగారూ, చూశారా! ఎక్కడెక్కడివో కలిపి లేపేశాను!"

పరాంకుశం గారు చుట్టూ తిరిగి చూశారు. పిన్ను దగ్గర కాసేపు ఆగారు.

"మోస్తుందంటావా?"

"పూచీ నాది!"

"అయితే నాకు తొడుగు. రిహార్సల్ నేను చేస్తా. నువ్వెళ్ళి కుందన చోట పడుకో."

నాగూర్ ఉత్సాహంగా వెళ్ళి రేకుల మధ్య వెల్లకిలా పడుకున్నాడు. దూరంగా గురువుగారు వెస్టు బకిల్స్ బిగించుకున్నారు.

"వస్తున్నా" అన్నారు.

అక్కణ్ణుంచి కెమెరా చాలా పెద్దదిగా కనబడింది. నాగూర్ చూపు లెన్సు మీద నిలవలేదు. పిన్ను మీదికే పోయింది. గురువుగారు అడుగు వేశారు. పిన్ను కిర్రుమంది.

"ఆగండి! గురువుగారూ, ఆగండి!"

అప్పటికే లేచి కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

 నాగూర్ పరుగున వచ్చి తానే కెమెరా దింపాడు. టేపు పీకేశాడు. నేరుగా డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాడు.

"సార్, పెద్ద కెమెరాతో నేను చెయ్యను. చిన్నదైతే నా సొంత సెట్టు మీద ఇప్పుడే చేస్తా. కాదంటే వేరేవాళ్ళని పిలుచుకోండి."

డైరెక్టర్ గుర్రుగా చూశాడు. ఎండ వాలిపోతోంది.

"సరే, కానివ్వు" అన్నాడు విసుగ్గా.

ఇక చూడాలి నాగూర్‌ని! చిన్న కెమెరా వాడి ఒంట్లో భాగమైపోయింది. పరుగెత్తాడు, వంగాడు, కుందన ముఖం మీదుగా మెత్తగా దాటిపోయాడు. "కట్!" అనగానే సెట్టంతా ఈలలు. విసుక్కున్న డైరెక్టరే వచ్చి కావలించుకున్నాడు.

నాగూర్ రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"గురువుగారూ! మానిటర్‌లో చూశారా? ఎలా వచ్చింది?"

ఆయన మానిటర్ వైపే వెళ్ళలేదు. రేకుల మధ్య నుంచి లేస్తున్న కుందన దగ్గర నిలబడి ఉన్నారు.

"కెమెరా మొహం మీదికి వచ్చినప్పుడు భయమేసిందా అమ్మా?"

"అయిపోయిందా అండీ?" అంది కుందన కళ్ళు నులుముకుంటూ. "నాకు కాస్త కునుకు పట్టేసింది."

పరాంకుశం గారు నాగూర్ వైపు తిరిగారు.

"షాటు ఓకేరా" అన్నారు.