పక్క సీటు

వకుళ గారి కారు షెడ్డుకి వస్తే బుద్ధిగా స్టార్టయ్యేది. ఇంటికెళ్ళాక మాత్రం దానికి మనసైతేనే కదిలేది. ఆ సంగతి మెకానిక్ జోయెల్‌కి మింగుడు పడటం లేదు.

అది హైబ్రిడ్ బండి. పెట్రోలుతోనూ నడుస్తుంది, బ్యాటరీతోనూ నడుస్తుంది. తాళం తిప్పే పని లేదు. బ్రేకు మీద కాలు పెట్టి బటన్ నొక్కితే చాలు. చప్పుడేమీ ఉండదు. ఎదురుగా రెడీ అని ఒక పచ్చ లైటు వెలుగుతుంది. అది వెలిగితే బండి కదులుతుంది. అది వెలగకపోతే మిగతా లైట్లన్నీ వెలిగినా బండి అంగుళం జరగదు.

ఒంగోలులో అలాంటి బండ్ల పని తెలిసినవాళ్ళు తక్కువ. జోయెల్‌కి తెలుసు. తనకి తెలుసన్న సంగతి ఇంకా బాగా తెలుసు. అతను ఐటీఐలో మౌలాలి మాస్టారి దగ్గర చదువుకున్నాడు. మాస్టారు రిటైరై బైపాస్ పక్కన షెడ్డు పెట్టుకుంటే వెంట వచ్చేశాడు. హైబ్రిడ్ పని నేర్పింది కూడా మాస్టారే. ఇప్పుడు అలాంటి బండి వస్తే ఆయన కూర్చున్న చోటు నుంచి లేవరు. జోయెలే చూసుకుంటాడు.

ఈ బండికి మొదట చిన్న బ్యాటరీ మార్చాడు. తర్వాత తాళంలో ఉండే బిళ్ళ బ్యాటరీ మార్చాడు. ఆ తర్వాత వైర్ల మొదళ్ళన్నీ విప్పి శుభ్రం చేసి బిగించాడు. స్కానర్ పెట్టి చూస్తే ఒక్క లోపమూ చూపించలేదు. వచ్చినప్పుడల్లా అయిపోయింది మేడమ్, ఇంక ఢోకా లేదు అని పంపాడు. పంపినప్పుడల్లా ఆమె తిరిగొచ్చింది.

పక్క షెడ్డు వాళ్ళకి ఇదొక కాలక్షేపమైపోయింది. ఆ బండికి జోయెలంటే భయమో భక్తో, మొహం చూడగానే లేచి నిలబడుతోందని నవ్వారు. బండితో పాటు అతన్ని కూడా ఆవిడ ఇంటికి పంపిస్తే రోజూ స్టార్టవుతుంది కదా అని ఒకడు సలహా ఇచ్చాడు.

జోయెల్ నవ్వలేదు. బండిలో లోపం లేదు, ఈవిడే కంగారు మనిషి, బటన్ నొక్కడం రాదు అనుకున్నాడు. పోయినసారి ఆ మాట మర్యాదగానే పైకి కూడా అనేశాడు. ఆమె తాళం తీసుకుని వెళ్ళిపోయింది.

ఈసారి వచ్చినప్పుడు ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆమె కొడుకు రుత్విక్‌కి ఉబ్బసం. చిన్న క్లాసు పిల్లాడు. నిన్న బడికి తయారవుతుండగా ఊపిరి అందలేదు. మందు పీల్చినా తగ్గలేదు. వాణ్ణి పక్క సీట్లో వేసుకుని బటన్ నొక్కింది. పచ్చ లైటు రాలేదు. మళ్ళీ నొక్కింది. రాలేదు. పిల్లాడి పెదవులు రంగు మారాయి. భుజాన వేసుకుని రోడ్డు మీదకి పరుగెత్తింది. పాల వ్యానతను ఆపి ఆసుపత్రికి చేర్చాడు.

పిల్లాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. ఇందాక షెడ్డుకి తెద్దామని ఎక్కి నొక్కితే ఒక్క నొక్కుకే లైటు వెలిగిందట.

"వాడికి మళ్ళీ వస్తుంది," అంది. "దీన్ని నమ్మొచ్చో లేదో చెప్పండి. నమ్మకూడదంటే ఇక్కడే వదిలేసి పోతాను. తేలేదాకా మాత్రం వెళ్ళను."

స్టూలు లాక్కుని షెడ్డు ముందు కూర్చుంది.

జోయెల్ బండెక్కి సీటు వెనక్కి జరిపాడు. అతను పొడగరి. ఎవరి బండెక్కినా ముందు చేసే పని అదే. షెడ్లలో అందరూ చేసేదే. దిగేటప్పుడు సీటు ఎప్పటిలా జరిపి పెడతారు, అది మర్యాద. బ్రేకు తొక్కి బటన్ నొక్కాడు. పచ్చ లైటు. ఆపి మళ్ళీ నొక్కాడు. పచ్చ లైటు. బండిని ఎండలో పెట్టి చూశాడు, నీడలో పెట్టి చూశాడు. ఏసీ వేసి, హెడ్‌లైట్లు వేసి చూశాడు. అన్నం వేళ దాటింది. అతను క్యారియర్ విప్పలేదు. ఆమె కూడా లేవలేదు.

ఆఖరికి షెడ్డు వెనక మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఓ పాత స్కూటర్ ముందు కూర్చుని పెట్రోలు గొట్టం ఊదుతున్నారు.

"మాస్టారూ, నా ముందు రాని జబ్బుని నేనెలా పట్టుకోను?"

"ఎవరి ముందు వస్తోంది?"

"ఆవిడ ముందు. అది కూడా ఆవిడ చెప్పడమే. నేనైతే ఒక్కసారీ చూడలేదు."

మాస్టారు చేతులు తుడుచుకుని లేచారు. హైబ్రిడ్ బండి కోసం ఆయన లేవడం చూసి పక్క షెడ్డు వాళ్ళు పని ఆపి తొంగి చూశారు. ఆయన బానెట్ ఎత్తమనలేదు. స్కానర్ అడగలేదు. వకుళ గారి దగ్గరికి వెళ్ళి, సీటు మీకెలా కావాలో అలా జరుపుకుని కూర్చోమన్నారు. ఆమె పొట్టి మనిషి. సీటు ముందుకి లాక్కుని కూర్చుంది.

అప్పుడు ఆయన జోయెల్ వైపు తిరిగారు.

"నువ్వు పక్క సీట్లో పడుకో."

"నేనా?"

"పిల్లాడు ఎలా ఉన్నాడో అమ్మనడిగి, అలా పడుకో."

పక్క షెడ్డులో ఎవరో కిసుక్కుమన్నారు. జోయెల్ చెవులు వేడెక్కాయి. అయినా మాస్టారు చెప్పాక తప్పదు. తలుపు తీసుకుని ఎక్కి, సీటు వాల్చాడు. ఇటు ఒరిగి ఉన్నాడు బాబూ, తల ఇక్కడికొచ్చింది అని ఆమె తన మోచేతి దగ్గర చూపించింది. మోకాళ్ళు ముడుచుకుని అలాగే ఒరిగాడు.

"నిన్న ఎలా పట్టుకున్నారో అలా పట్టుకుని నొక్కండమ్మా," అన్నారు మాస్టారు.

ఆమె ఎడమచెయ్యి చాచి జోయెల్ గుండె మీద ఆనించింది. ఆ చెయ్యి అతన్ని సీటుకి అదిమిపెట్టింది. ఆమె ఒళ్ళంతా ఇటు తిరిగిపోయింది. కుడిచెయ్యి బటన్ కోసం తడుముకుంటోంది. చూపు మాత్రం అతని మొహం మీదే ఉంది, ఊపిరి ఆడుతోందా లేదా అన్నట్టు.

ఆ చూపుని తట్టుకోలేక జోయెల్ కళ్ళు దించుకున్నాడు. కింద ఆమె పాదం కనిపించింది.

ఒళ్ళు ఇటు తిరగడంతో మడమ పైకి లేచింది. బొటనవేలు ఒక్కటే బ్రేకుకి ఆనింది. ఆమె తొక్కుతూనే ఉంది. పెడల్ కాస్త దిగింది. బటన్ నొక్కింది.

లైట్లన్నీ వెలిగాయి. పచ్చది వెలగలేదు.

"ఇదే," అంది వకుళ. "ఇలాగే."

జోయెల్ అక్కడి నుంచే కిందికి వంగి, స్టీరింగు కిందకి తల దూర్చాడు. బ్రేకు పెడల్ పైన చిన్న స్విచ్ ఉంటుంది. కాలు పడిందన్న సంగతి బండికి చెప్పేది అదే. అది అరిగి, బిగింపు వదులై కొంచెం పక్కకి జరిగింది. గట్టిగా తొక్కితే చెబుతోంది, మెల్లగా తొక్కితే చెప్పడం లేదు. ఇన్నిసార్లు బండెక్కి, కాళ్ళు చాపుకుని, అతను గట్టిగానే తొక్కాడు.

టౌన్లోకి వెళ్ళి కొత్త స్విచ్ తెచ్చాడు. బిగించాడు, పెడల్‌కీ దానికీ మధ్య ఎడం సరిచూశాడు. ఇంక ఢోకా లేదు అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపేసి, బండి చుట్టూ తిరిగి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే పక్క సీట్లో ఒరిగాడు.

"నొక్కండమ్మా," అన్నాడు.

ఆమె చెయ్యి వచ్చి అతని గుండె మీద ఆనింది. పచ్చ లైటు.

"ఇంకా మెల్లగా తొక్కండి. కాలి వేలితో."

పచ్చ లైటు.

ఈసారి పక్క షెడ్డులో ఎవరూ నవ్వలేదు. ఆమె ఆపుతోంది, మళ్ళీ నొక్కుతోంది. అతను లేవలేదు, ఇంక చాలా అని అడగలేదు. మెడ పట్టేసినా అలాగే ఉన్నాడు. నొక్కగా నొక్కగా ఎప్పుడో ఆ చేతి బిగువు సడలింది. ఆమె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చాలు బాబూ. వాణ్ణి తెచ్చుకుంటాను," అంది.

బండి బైపాస్ ఎక్కేదాకా చూసి జోయెల్ షెడ్డు వెనక్కి వెళ్ళాడు. మాస్టారు స్కూటర్ ముందు కూర్చుని ఉన్నారు.

"స్విచ్చేనని మీకు ముందే తెలుసు కదా మాస్టారూ."

"తెలీదురా."

"మరి?"

మాస్టారు పెట్రోలు గొట్టాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, అందులోంచి చూశారు.

"ఆమె అబద్ధం చెప్పట్లేదని తెలుసు."