గురమ్మ కేక

అనగనగా ఒక సముద్రం, దాని ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో గురమ్మ అని ఒక పడుచు ఉండేది, బంగారూ. ఆమె కేక వేస్తే అలల హోరు దాటి వినపడేది. మంచు కమ్మిన పొద్దున ఒడ్డు ఎటో తెలియక పడవలు తడుముకుంటుంటే, గురమ్మ ఇసుకదిబ్బ ఎక్కి "ఓహోయ్!" అనేది. ఆ కేక పట్టుకునే అందరూ ఇల్లు చేరేవాళ్ళు. దారి తప్పితే రాళ్ళకి కొట్టుకోవడమే.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. పడవలు నీళ్ళ మీద ఉండగా ఒడ్డున ఆడవాళ్ళు ఏడవకూడదు. ఏడిస్తే సముద్రానికి కోపం వస్తుందని భయం.

ఒక ఏడు గురమ్మ అన్న చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. గురమ్మ కన్నీళ్ళు మింగేసింది. పడవలు రోజూ నీళ్ళ మీదే కదా, మరి ఏడ్చేదెప్పుడు? "మా కోడలు రాయి!" అని అత్త నరసమ్మ వీధంతా గొప్పలు చెప్పింది.

అప్పట్నించి గురమ్మకి నిద్ర పట్టడం మానేసింది. ఆ తర్వాత కడుపులో మంట పట్టుకుంది, గంజి కూడా దిగేది కాదు. ఆ తర్వాత గొంతు బిగుసుకుపోయింది. మిరియాల కషాయం తాగించారు. వైద్యుడొచ్చి, "పుండు లేదు, వాపు లేదు. ఈ పిల్ల లోపల ఏదో దాచుకుంది" అన్నాడు.

ఒక పొద్దున మంచు కమ్మేసింది. గురమ్మ మొగుడు కామయ్య కూడా వేటలోనే ఉన్నాడు. గురమ్మ దిబ్బ ఎక్కి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మిగతావాళ్ళు అరిచారు, ఆ అరుపులు అలల్లో కలిసిపోయాయి.

నరసమ్మ కోడలి వీపు మీద చెయ్యి వేసింది. వీపు చెక్కలా బిగిసి ఉంది. అప్పుడు ఆమెకి అర్థమైంది.

"ఏడవ్వే అమ్మీ. మీ అన్న కోసం ఏడు."

ఆడవాళ్ళు హడలిపోయారు. "నీకు మతిపోయిందేటి నరసమ్మా? పడవలు నీళ్ళ మీదున్నాయి!"

"అందులో నా కొడుకూ ఉన్నాడు. దాన్ని ఏడవనీండి!"

ముందు వెక్కిళ్ళు వచ్చాయి. ఆ తర్వాత మూలుగు వచ్చింది. ఆ తర్వాత "అన్నా!" అని ఒక్క ఏడుపు, దిబ్బ అదిరేలా. ఇంక ఆగలేదు.

అప్పుడు మంచులో తెడ్ల చప్పుడు వినిపించింది. ఒక్కొక్క పడవా ఆ ఏడుపు వైపు తిరిగింది. కామయ్య ఇసుకలోకి దూకి, "ఎవరే ఏడ్చింది?" అన్నాడు. అందరూ తల దించుకున్నారు. నరసమ్మ మాత్రం దించలేదు.

"మా కోడలేరా! ఇంకెవరికుందిరా అంత గొంతు!"

ఆ పూట గురమ్మ ముంతెడు గంజి తాగి, పొద్దు వాలేదాకా నిద్రపోయింది. నువ్వూ కళ్ళు మూసుకో మరి.

కథేమో కంచికి, పడవేమో ఒడ్డుకి, నా బంగారం నిద్రకి!