పేరు పెట్టని పిలుపు

ఏసుపాదం అయ్యగారు బైబిలు పాఠశాలలో దేవుని హెబ్రీ నామాలు బోధించేటప్పుడు ఒక్కో పేరు దగ్గర ఆగి కళ్లు మూసుకునేవారు. కునుకు తీస్తున్నారని కుర్రకారు నవ్వుకునేది. ఆ ఏడు నవ్వనివాడు తిమోతి ఒక్కడే. అతని భార్య మార్త కాన్పు తర్వాత పట్టిన జ్వరంతో గోదావరి అవతల ఆసుపత్రిలో ఉంది. పాపం, అతనికి నవ్వెక్కడిది?

మంచు పట్టిన ఒక ఉదయం రేవులో పడవ కోసం ఎదురుచూస్తూ, తోడు వచ్చిన గురువును తిమోతి అడిగాడు. "ఎల్ షద్దాయ్, సర్వశక్తుడా అన్నాను. యెహోవా రాఫా, స్వస్థపరచేవాడా అన్నాను. జ్వరం దిగలేదు. యూదులేమో అసలు పేరు పలకడానికే జంకి అదోనాయ్, ప్రభువా అని సరిపెట్టుకున్నారు. ఇన్నింటిలో ఆయనకు వినబడే పేరు ఏదండీ అయ్యగారూ?"

అయ్యగారు ఏటి వైపు చూశారు. ఏరూ ఆకాశమూ కలిసిపోయి లోకమంతా పాలలో మునిగినట్టుంది. ఆ తెలుపులో ఎక్కడో, ఏరు దాటించే పోలయ్య పడవ దారి తప్పింది. దిగువన పెద్ద సుడి ఉంది, అటు పోతే ఇక ఇంతే సంగతులు. జనం గట్టు పొడవునా చెదిరి "పోలయ్యా, పోలయ్యా" అని తలో దిక్కునుంచీ కేకలు వేస్తున్నారు. తెడ్డు చప్పుడు కాసేపు దగ్గరగా, కాసేపు దూరంగా వినిపిస్తోంది.

అంతలో పోలయ్య పెళ్లాం నూకాలు పరుగున వచ్చి నీటి అంచున నిలబడింది.

"పేరు పెట్టి గట్టిగా పిలు తల్లీ," అన్నాడు తిమోతి.

"మొగుడి పేరు నోటితో ఎలా అంటానండీ?" అంటూ ఆమె కొంగు నడుముకు బిగించి, "ఏమయ్యోయ్... ఇటు," అని పిలిచింది. ఆ గొంతులో భయం ఉంది, కోపం ఉంది, ఇన్నాళ్ల కాపురమంతా ఉంది. జనం కేకలు ఆపేశారు. తెడ్డు చప్పుడూ ఆగింది.

"వత్తన్నానే," అని మంచులోంచి మాట వచ్చింది. దాని వెనకే పడవ వచ్చింది.

ఎండ పొడిచి మంచు పలచబడ్డాక గురుశిష్యులు పడవ ఎక్కారు. నడి ఏట్లో తిమోతి ప్రార్థనకు తల వంచాడు. నేర్చుకున్న పేర్లలో ఒక్కటీ నోటికి రాలేదు. "అయ్యా... మార్త... అయ్యా," అని మాత్రం అనగలిగి, వెక్కి వెక్కి ఏడ్చాడు. చాలాసేపటికి మొహం తుడుచుకుని, "ప్రార్థన కూడా చేతకాలేదండి. ఆయన్ని పేరు పెట్టి పిలవనే లేదు," అన్నాడు సిగ్గుపడుతూ.

అయ్యగారు కళ్లు మూసుకునే ఉన్నారు.

"నూకాలు మాత్రం పెట్టిందా?" అన్నారు.