మెడమలుపు రాళ్లమ్మ

గుండంపాలెం నుంచి చింతలగరువు వెళ్ళే ఘాట్ రోడ్డులో, కొండ మొదలు దాటి కాస్త పైకెక్కాక మెడమలుపు వస్తుంది. ఒక పక్క నల్లటి చరియ, ఒక పక్క లోయ. చలికాలంలో లోయంతా వలిసె పూలు విరగబూస్తాయి. మంచు విడిచాక ఆ పసుపుదనం చూడడానికి ఎక్కడెక్కడి నుంచో కార్లు వస్తాయి. మలుపులో పెద్ద రాళ్లగుట్ట, దాని ముందు చిన్న గుడి. శిఖరం లేదు. లోపల విగ్రహమూ లేదు. పసుపు రాసిన ఒక మామూలు రాయి ఉంటుంది. ఆమే మెడమలుపు రాళ్లమ్మ.

పూర్వం ఇక్కడ తారు లేదు. ఎద్దుబండ్లు నడవగా నడవగా పడిన బాట. కింద నుంచి ఉప్పు ఎక్కేది, పై నుంచి పసుపు, చింతపండు దిగేవి. ఎక్కేటప్పుడు ఎద్దులు రొప్పితే బండి ఆపి, వెనక్కి జారకుండా చక్రం కింద రాయి పెట్టేవారు. ఎద్దులు తేరుకోగానే అదిలించేవారు. బండి కదిలేది, రాయి దారిలోనే ఉండిపోయేది. ఎక్కుడులో కదిలిన బండిని పైన చదును వచ్చేదాకా ఆపలేరు. చదునులో ఆగాక, ఒక్క రాయి కోసం మళ్ళీ కిందికి నడిచి రావడానికి ఎవరికీ కాళ్ళాడేవి కావు.

ఆ బండ్లవాళ్ళలో అసిరమ్మ ఒకతె. భర్త లేడు. కొడుకు గవరయ్యకు మీసం మొలవగానే పగ్గాలు అతనికిచ్చి, తాను బండి వెనక నడిచేది. రాయి పెట్టడం ఆమె పని.

ఒకనాడు తల్లీకొడుకులు ఉప్పు బస్తాలతో కొండెక్కుతున్నారు. మెడమలుపులో ఎద్దులు నిలబడిపోయాయి. అసిరమ్మ వంగి రాయి పెట్టింది. కాసేపటికి కొడుకు కేకేశాడు.

"అమా, ఎద్దులు తేరుకున్నాయి. నువ్వు నడుస్తావా, నిన్ను కూడా బస్తాల మీద ఎక్కించీమంటావా?"

"నోర్ముయ్యరా గుంటడా. ముందు తోలు."

నవ్వుకుంటూనే ఎక్కారు. వెనక్కి ఎవరూ చూడలేదు.

మర్నాడు తెల్లవారాక పసుపు బస్తాలతో దిగారు. మంచు కమ్మేసి ఉంది. ఎద్దుల కొమ్ములు కూడా కంటికి ఆనడం లేదు. అసిరమ్మ వెనక నుంచి తాడు బిగబట్టి బండిని నిలవరిస్తోంది. మెడమలుపులో చక్రం దేని మీదకో ఎక్కింది. తాడు ఆమె అరచేతుల తోలు ఒలుచుకుపోయింది. మంచులో చప్పుడు కిందికి, ఇంకా కిందికి వెళ్ళి ఆగిపోయింది.

మంచు విడిచాక దారిలో ఒక రాయి కనిపించింది. చక్రపు ఇనపపట్టా గీసిన గీత దాని మీద తాజాగా ఉంది.

గవరయ్యను లోయలోంచి తెచ్చి మట్టి చేశారు. అసిరమ్మ ఇంటికి పోలేదు. ఆ రాయిని ఒళ్ళో పెట్టుకుని మలుపులో కూర్చుంది. వచ్చే ప్రతి బండికీ చూపించేది.

"ఈ రాయి నీదేనా బాబూ?"

అందరూ కాదనేవారు. నిజం చెప్పారో, భయపడి చెప్పారో. దారి పక్కన దొరికే రాళ్ళన్నీ ఒకలాగే ఉంటాయి. ముందురోజు తాను పెట్టిన రాయి ఎలా ఉందో అసిరమ్మ ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. కొడుకు నవ్వు గుర్తుంది. రాయి గుర్తు లేదు.

తర్వాత ఆమె దారిలో రాళ్ళు ఏరి పక్కన వేయడం మొదలుపెట్టింది. బండ్ల పెద్ద సత్తెయ్య ఎగతాళి చేశాడు.

"ఏటే అసిరమ్మా, కొండంతా ఏరీసి సంతకి మోసుకెల్తావేటి?"

"రేపు నీ గుంటడు దిగడేటి ఈ దారిన?"

సత్తెయ్య ఎద్దులను అదిలించాడు. పైన చదునులో బండి ఆపి, అంత దూరమూ వెనక్కి నడిచి వచ్చి, తన రాయి తాను తీసి గుట్ట మీద వేశాడు. అలా మొదట తీసినవాడు ఆయనే.

ఒక మిట్టమధ్యాహ్నం అసిరమ్మకు కునుకు పట్టింది. కలలో కొండదేవత తడిచీరతో వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ రాయిని ఇక్కడే నిలబెట్టు. నేనందులో ఉంటాను."

"ఉండి? నా బిడ్డనిస్తావా?"

"ఇవ్వలేను."

"పోనీ, ఈ రాయి ఎవులిదో చెప్తావా? నాదేనా?"

అమ్మవారు తల దించుకుంది.

"మరెందుకు నువ్వు?"

"ఎనకాల వచ్చీవోడికి."

అసిరమ్మ లేచి రాయిని నిలబెట్టింది. రోజూ కడిగి పసుపు రాసేది. మొక్కేది మాత్రం కాదు. తల నెరిసి, కళ్ళు మసకబారి, ఒక వానాకాలం ఆ గుట్ట పక్కనే కన్నుమూసేదాకా అడిగింది ఒక్కటే, ఆ రాయి తనదేనా అని.

ఆ తర్వాత బాట వెడల్పయింది, తారు పడింది. ఎద్దులు పోయి లారీలు వచ్చాయి. ఎక్కుడులో లారీ ఆగితే చక్రం కింద రాయి పెట్టడం మాత్రం పోలేదు. అందుకే చదునులో బండి ఆపి, వెనక్కి నడిచి వచ్చి, రాయి తీసి గుట్ట మీద వేయడం ఈ క్షేత్రంలో మొక్కు. కొబ్బరికాయ కొట్టరు. సత్తెయ్య వంశంవారే పూజారులు. వారు గోత్రం, పేరు అడగరు.

"ఎనకాల ఎవులొస్తన్నారు?" అంటారు.

"ఎవులో ఒకలు," అనాలి. అప్పుడు బొట్టు పెడతారు.

ఇక్కడ మొక్కితే కోరిక తీరుతుందని ఎవరూ చెప్పరు. రాయి తీసినవారికి ఫలం లేదు, అది వారి తర్వాత ఆ మలుపు తిరిగేవారిదని మాత్రం చెబుతారు.

గుడి పక్కన ఒక అరుగు ఉంది. ఈ దారిన వెళ్ళి తిరిగిరాని పిల్లల తల్లులు వచ్చి దాని మీద కూర్చుంటారు. పూజారి వారిని ఏమీ అడగడు. ఆ అరుగు ఖాళీగా ఉన్న రోజును ఆయన చూడలేదట.

భక్తులు దయచేసి రాయి తీసి వెళ్ళండి. వెనకాల ఎవరో ఒకరు వస్తున్నారు.