పిలుపుల గుట్టకు ఆ పేరు వచ్చిన వైనం

నల్లమల అడవి అంచున, రాళ్లచెలమ గ్రామానికి ఉత్తరంగా రెండు మైళ్ల దూరంలో పిలుపుల గుట్ట ఉన్నది. బస్సు దిగి నడిచివచ్చే యాత్రికులకు ముందుగా కనిపించేది దాని నలుపు. ఇది సృష్టిలో పుట్టిన గుట్ట కాదు. పలకరాయి గనిలోంచి తీసి, పనికిరాదని పారబోసిన రాతిముక్కలు ఏళ్ల తరబడి పేరుకుని గుట్టయ్యాయి. దాని మీద అవే ముక్కలతో కట్టిన చిన్న ప్రార్థన మందిరం ఉన్నది. గోపురం లేదు, రంగుటద్దాలు లేవు. అరవైమంది కూర్చుంటే నిండిపోతుంది. అయినా ఏటా మార్చి నెల రెండో గురువారం నాడు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వారిలో సగం మంది క్రైస్తవులు కారు.

ఈ గుట్టను గురించి దారి పొడవునా అమ్మే కరపత్రాలలో చాలా అబద్ధాలున్నాయి. ఆకాశం నుంచి వెలుగు దిగిందని ఒకరు రాశారు. దేవదూత వచ్చి బండలు దొర్లించాడని మరొకరు రాశారు. ఇక్కడి మట్టిని సీసాలలో పోసి అమ్మేవారు కూడా బయలుదేరారు. సంఘ కార్యదర్శిగా చెబుతున్నాను, వారితో మాకు ఏ సంబంధమూ లేదు. బండలు దొర్లించింది మనుషులు. దొర్లించి దొర్లించి వారి చేతిగోళ్లు ఊడిపోయాయి. వారి కష్టాన్ని దేవదూతకు అంటగట్టడం దేవునికి కూడా ఇష్టం ఉండదు. జరిగింది జరిగినట్టు చెప్పడానికే ఈ చిన్న పుస్తకం.

పూర్వం ఇక్కడ, అంటే మా తాతల కాలం చివర, పలకరాయి గని జోరుగా నడిచేది. బడిపిల్లలు రాసుకునే పలకలకు ఈ రాయి దూరప్రాంతాలకు పోయేది. గనిని గుత్తకు తీసుకున్నవాడు పానకాలరావు. పెద్ద గొయ్యి తవ్వి, దాని అడుగున మంచి రాయి పొర ఎటు పోతే అటు గుహలాగా తొలిపించేవాడు. మగవారు లోపల రాయి కొట్టేవారు. ఆడవారు గట్టు మీద కూర్చుని ఉలితో ఆ రాయిని పలచని రేకులుగా చీల్చేవారు.

అలా రాయి చీల్చే ఆడవారిలో తబితమ్మ ఒకతె. ముప్పై అయిదేళ్ల మనిషి. తండ్రి కూడా ఈ గనిలోనే పనిచేసి, రాతిదుమ్ముకు ఊపిరితిత్తులు పాడై పోయాడు. భర్త ఓబేదు లోపల రాయి కొట్టేవాడు. ఇద్దరూ ఆదివారం ఆరాధన తప్పేవారు కారు. తబితమ్మకు చదువు లేదు. కాని పాదిరి జయశీలం గారు గుడిలో చదివిన వాక్యాలు ఒకసారి వింటే ఆమెకు గుర్తుండిపోయేవి. ప్రభువు తన గొర్రెలను ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తాడన్న మాట ఆమెకు అన్నిటికంటె ఇష్టం.

ఆ ఏడు ఫిబ్రవరిలో గుహ పైకప్పు నెర్రెలు విచ్చింది. ఓబేదు, అతనితో పనిచేసే నలుగురూ పోయి పానకాలరావుతో చెప్పారు. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పారు. కొయ్య దూలాలు నిలబెట్టించమని బతిమిలాడారు. “భయమైతే మానుకోండి. మీ చోట నిలబడేవాళ్లు పదిమంది ఉన్నారు” అన్నాడాయన. మానుకుంటే తిండి లేదు. మరుసటి నెల రెండో వారంలో, సోమవారం పొద్దున్నే, ఆ అయిదుగురు లోపలికి దిగిన గంటకు పైకప్పు కూలింది.

ఓబేదు, సీలయ్య, మస్తాను, కొండయ్య, జక్కరయ్య. ఈ అయిదు పేర్లు గుర్తుపెట్టుకోమని యాత్రికులకు మనవి. ఎందుకంటే ఆ పేర్లు లేవని మర్నాడే ఒకడు బొంకాడు.

సోమవారమంతా కూలీలు గుహ ముఖం దగ్గర రాళ్లు తీశారు. తీసినకొద్దీ పైనుంచి మళ్లీ జారిపడ్డాయి. మంగళవారం పొద్దున పానకాలరావు వచ్చి తవ్వకం ఆపించాడు. శవాలు బయటికి వస్తే విచారణ వస్తుంది. నెర్రెల సంగతి బయటపడుతుంది. అది అతని భయం. హాజరు పుస్తకం తెప్పించి అందరి ముందూ తెరిచాడు.

“సోమవారం పనిలోకి వచ్చినట్టు ఈ అయిదుగురి పేర్లు ఇందులో లేవు. లోపల ఎవరూ లేరు. తాగి ఎక్కడో పడి ఉంటారు, వాళ్లే వస్తారు. ఇక ఎవరూ రాయి ముట్టుకోవద్దు” అన్నాడు.

హాజరు పట్టేది సాయంత్రం పూట. పొద్దున్నే కూలిన గనిలో ఉన్నవారి పేర్లు సాయంత్రం ఎవరు చెబుతారు? అక్కడున్న నూటయాభైమందికీ ఈ సంగతి తెలుసు. మేస్త్రీలకు తెలుసు. లెక్కలు రాసే గుమాస్తాకు మరీ బాగా తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఓబేదు జన్మలో కల్లు ముంత ముట్టని మనిషి. అతనిని తాగుబోతన్నా తోటివారు తల వంచుకుని నిలబడ్డారు. అరవై ఏళ్ల కిందటి మాట ఇది.

ఆ మధ్యాహ్నమే పాదిరి జయశీలం గారు వచ్చారు. ఆయన చెడ్డవారు కారు. కాని గుడికి ఇనుపరేకులు వేయించింది పానకాలరావు. ఆ మొహమాటం ఆయన గొంతులో ఉన్నది. అయిదుగురి ఇళ్లవారినీ ఒకచోట కూర్చోబెట్టి ఆదరణ చెప్పబోయారు.

“దైవచిత్తం అమ్మా. మనం ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే మనసుకు నెమ్మది” అన్నారు.

తబితమ్మ లేచి నిలబడింది. పాదిరి గారి ఎదుట గొంతెత్తడం ఆమెకు అదే మొదలు.

“ఏం ఒప్పుకోమంటారు అయ్యగారూ? కప్పు కూల్చింది దేవుడు కాదు. నెర్రెలిచ్చిందని మావాళ్లు మూడుసార్లు మొత్తుకుంటే వినని మనిషి ఉన్నాడు. ఆయన చేసిన పని తీసుకొచ్చి దేవుడి మీద వెయ్యకండి. నేను దేవుణ్ణి నమ్ముకున్నాను. అందుకే ఒప్పుకోను.”

“కోపం పాపం, తబితా” అన్నారు పాదిరి గారు.

“రాళ్ల కింద మనుషులుంటే కోపం రాకపోవడం పాపం కాదా అండీ? ఆదరణ అంటే ఏడ్చేవాళ్ల నోరు మూయించడమా?”

ఆమె అక్కడినుంచి వెళ్లిపోయి, గనికి ఉత్తరాన ఉన్న ఈ రాళ్లదిబ్బ ఎక్కింది. అప్పట్లో దీనికి పేరే లేదు. ఎండలో, నల్లరాతి మీద మోకరించింది. ఆమె చేసిన ప్రార్థనను తరువాత అడిగినవారికి దాచకుండా చెప్పేది. అందులో అందమైన మాటలు లేవు.

“ప్రభువా, వాళ్ల పుస్తకంలో పేరు లేకపోతే మావాళ్లు మనుషులు కాకుండా పోతారా? నీకు పేర్లు తెలుసు గదా. నాకు ఒళ్లు మండిపోతోంది. నన్ను చల్లబడమని చెప్పబాకు. ఈ కోపం ఎక్కడ పెట్టాలో అది చూపించు.”

ఆమెకు అప్పుడు కల వచ్చిందని కొందరంటారు. తబితమ్మ మాత్రం కల రాలేదనే చెప్పేది. చాలాసేపు ఏడ్చిన తరువాత, ఎవరో పక్కన వచ్చి కూర్చున్నట్టు గుండె కుదుటపడిందట. కోపం పోలేదు, వణుకు పోయింది. అలా కుదుటపడ్డాక తండ్రి మాట ఒకటి గుర్తుకొచ్చింది. ఆయన వయసులో ఉన్నప్పుడు, వానాకాలం గుహలో నీళ్లు నిలవకుండా ఉత్తరపు వైపుకు ఒక తూము తొలిచారు. మనిషి పాకిపోగలిగినంత తూము. తరువాత దాని నోటి మీదే రాతిముక్కలు పారబోశారు. ఆ పారబోతే పెరిగి ఈ దిబ్బయింది. అంటే తాను మోకరించింది తూము నెత్తిన!

ఆమె దిబ్బ అడుగుకు దిగి రాళ్లు తీయడం మొదలుపెట్టింది. పార లేదు, గునపం లేదు. మోచేతి దాకా చెయ్యి పట్టేంత సందు చేసి, అందులో నోరు పెట్టి ఒక్కొక్క పేరే పిలిచింది. పిలిచి చెవి ఆనించింది.

“సీలయ్యా!” అన్నప్పుడు లోపలినుంచి సుత్తి దెబ్బ వినిపించింది. “మస్తానూ!” అన్నప్పుడు వినిపించింది. “జక్కరయ్యా!” అన్నప్పుడు కూడా వినిపించింది. “కొండయ్యా!” అంటే ఏమీ లేదు. “ఓబేదూ!” అంటే ఏమీ లేదు. మళ్లీ పిలిచింది. ఏడుసార్లు పిలిచింది.

భర్త పేరుకు జవాబు రాలేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే తనను ఇంటికి తీసుకుపోయి ఏడవడానికి కూర్చోబెడతారని, తవ్వకం ఆగిపోతుందని చెప్పలేదు. పరుగెత్తుకుంటూ వెళ్లి, “పలుకుతున్నారు! రండి!” అని మాత్రం అరిచింది.

ముందుగా ఆడవారు వచ్చారు. మస్తాను తల్లి హుసేన్‌బీ, రాయి చీల్చే మరో పాతికమంది. రాళ్లను చీరచెంగులలో మోశారు. కబురు తెలిసి పానకాలరావు బుధవారం పొద్దున కావలివాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. లోపలి రాళ్లు సర్దుకునే చప్పుడు విని ఆడవాళ్లు పిచ్చెత్తిపోతున్నారని గేలి చేశాడు. ఆ వెనుకనే పాదిరి గారు కూడా వచ్చారు. తబితమ్మ ఆయనను చూసి, “అయ్యగారూ, ఒక్కసారి చెవి పెట్టి చూడండి. తరవాత మీ ఇష్టం” అన్నది.

జయశీలం గారు తెల్లని అంగీతోనే నేల మీద పడుకుని సందుకు చెవి ఆనించారు. తబితమ్మ పిలిచింది. ఆయన విన్నారు. లేచేసరికి ఆయన ముఖం మారిపోయింది. అంగీ విప్పి పక్కన పెట్టి, పానకాలరావు వైపు తిరిగారు.

“లోపల మనుషులున్నారు. నిన్న నేను వీళ్లకు దైవచిత్తమని చెప్పాను. అది అబద్ధం. దైవచిత్తం ఇప్పుడు విన్నాను” అన్నారు. వెంటనే ఒక తట్ట తీసుకుని నెత్తిన రాళ్లెత్తుకున్నారు.

పాదిరి గారు రాళ్లు మోయడం చూశాక అంతవరకూ తల వంచుకుని నిలబడిన మగవారికి సిగ్గు వచ్చింది. గునపాలు తెచ్చారు. కావలివాళ్లలో ఇద్దరు కర్రలు పారేసి వారితో కలిశారు. గుమాస్తా కూడా వచ్చాడు. ఇంతమంది ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో! జనంలో ధైర్యం ఉంటుంది గాని, దానికి ఎప్పుడూ ఎవరో ఒక ఆడమనిషి ముందు చేతులు చీల్చుకోవాలి కాబోలు.

గురువారం మధ్యాహ్నానికి తూము నోరు తెరుచుకుంది. ముందు మస్తానును లాగారు. తరువాత జక్కరయ్యను. మూడోవాడు సీలయ్య. ఈ పుస్తకం రాస్తున్న నేను ఆయన కూతురిని, అప్పటికి ఇంకా పుట్టలేదు. గోడ చెమ్మను నాలుకతో నాకి బతికామని మా నాన్న చెప్పేవారు. చీకటిలో నోరెండి మాట రాకపోతే, తబితమ్మ తమ పేరు పిలిచిన ప్రతిసారీ బండ మీద సుత్తితో కొట్టేవారట. “ఆమె పిలిచేదాకా మేం ఉన్నామో లేమో మాకే తెలియదు” అనేవారు.

మస్తాను ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. “అక్కా, ఓబేదన్న, కొండయ్య మొదటి దెబ్బకే పోయారు. నీ గొంతు విన్నప్పుడల్లా నీకెట్లా చెప్పాలా అని ఏడ్చాం” అన్నాడు.

“నాకు మంగళవారమే తెలిసింది నాయనా” అన్నది తబితమ్మ. ఆమె కూలీలవైపు తిరిగింది. “ఎందుకు నిలబడ్డారు? ఇంకా ఇద్దరున్నారు. వాళ్లకూ పేర్లున్నాయి. తీసుకురండి.”

ఇద్దరినీ తీసుకువచ్చిన తరువాతనే ఆమె నేల మీద పడి గుండె పగిలేలా ఏడ్చింది. ఈసారి పాదిరి గారు ఏ మాటా చెప్పలేదు. పక్కన మట్టిలో కూర్చుని ఆమెతో పాటు ఏడ్చారు. అది నిజమైన ఆదరణ అని ఆమె తరువాత ఎందరికో చెప్పింది.

విచారణకు వచ్చిన అధికారి ముందు కూడా పానకాలరావు హాజరు పుస్తకమే చూపించాడు. అతని ఎదుట బతికిన ముగ్గురూ నిలబడ్డారు. గుమాస్తా నోరు విప్పాడు. గని మూతపడింది. పానకాలరావుకు తగిన శిక్ష పడిందా అంటే పడలేదు. వేరే ఊరిలో వేరే గని పట్టాడు. ఈ మాట దాచి పుణ్యకథ రాయడం నా చేత కాదు. పోయేముందు తన పేరు చెక్కించి ఇక్కడ పెద్ద గుడి కట్టిస్తానని కబురు పంపాడు. “దేవుడికి ఆయన పేరు తెలుసని చెప్పండి. రాతి మీద అక్కరలేదు” అని తబితమ్మ తిప్పి పంపింది. తరువాత కూలీలే ఒక్కొక్క రాయీ పేర్చి ఈ మందిరం కట్టారు. తబితమ్మ మరో ముప్పై ఏళ్లు బతికి, ఇక్కడికి వచ్చే దుఃఖితుల పక్కన కూర్చునేది.

నేటికీ ఈ సంఘానికి కొత్తగా వచ్చే పాదిరి ఎవరైనా, మొదటి ప్రసంగానికి ముందు ఒక తట్టెడు రాళ్లు గుట్ట అడుగు నుంచి నెత్తిన మోసుకురావాలి. మార్చి రెండో గురువారం ఆరాధనలో ప్రసంగం ఉండదు. ఆపదలో ఉన్న తమవారి పేరు ఎవరైనా చెప్పవచ్చు. సంఘమంతా లేచి ఆ పేరును మూడుసార్లు పిలుస్తుంది. కులం అడగరు, మతం అడగరు. ఇక్కడ మొక్కుకుంటే కష్టాలన్నీ తొలగిపోతాయని మేము చెప్పము. కష్టంలో దేవుడు పక్కన కూర్చుంటాడని, తరువాత లేచి ఏం చేయాలో చూపిస్తాడని చెబుతాము. దానికి సాక్షులం మేమే.

పోయిన ఏడు నాగేంద్రమ్మ అనే ఆమె ఒంటరిగా వచ్చింది. ఆమె భర్త వీరాంజనేయులు పై రాష్ట్రానికి కట్టడం పనికి పోయి, రెండు నెలలుగా జాడ లేకుండా పోయాడు. అడిగితే ఆ పేరు గలవాడు తమ దగ్గర పనిలోనే చేరలేదని అక్కడివారు అన్నారట. సంఘం లేచి ఆ పేరు మూడుసార్లు పిలిచింది. ఇప్పటి పాదిరి గారు ఆశీర్వాదం చెప్పి, “ప్రార్థన సగమే అయింది. తక్కిన సగానికి ఎవరెవరు వస్తారు?” అని అడిగారు. పదకొండుమందిమి ఆమెతో పాటు బయలుదేరి బస్సెక్కాము. అయిదు రోజులు తిరిగాము. ఆరోరోజు మధ్యాహ్నం, ఒక ఆసుపత్రిలో, కాలు విరిగి, తలకు దెబ్బ తగిలి, ఊరూ పేరూ తెలియదని రాసిన మంచం మీద ఒక మనిషి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నాగేంద్రమ్మ గుమ్మంలోనే నిలబడి పేరు పెట్టి పిలిచింది.

ఆయన ఇటు తిరిగాడు.