పద్యంలో ఏరు, అద్దంలో ఏరు

ఒక రేవులో ఒక ముసలి సరంగు పిల్లలకు పడవ నడపడం నేర్పేవాడు.

ఆయన ఘనత అంతా ఇంతా కాదు. ఆయన పడవ గెడ నీట దించితే మొసళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చేవి. ఒక ఏడాది వరద ఆయన మొహం చూసి మొహమాటపడి వెనక్కి మళ్లింది. అది చూసినవాళ్లు ఏడూళ్ల జనం. చూడనివాళ్లు ఇంకా గట్టిగా సాక్ష్యం చెబుతారు.

వయసులో ఉండగా ఆయన ఏటి లోతులన్నీ కొలిచి పద్యం కట్టాడు. "మొదటి మలుపు మూడు నిలువులు, రాతిగుండం ఏడు నిలువులు, మన రేవు మోకాలిబంటి" అని పిల్లలు ఒడ్డున కూర్చుని వల్లె వేసేవారు.

పక్క రేవుకు ఒక పంతులు అద్దం తెచ్చాడు. అరచేతంత అద్దంలో ఏరంతా కనబడేది, సుడులూ ఇసుక తిప్పలతో సహా. సగం పిల్లలు అటు మళ్లారు.

రాజుగారు ఇద్దరికీ కబురు పంపారు. "వరద తీశాక మీ పిల్లలు ఏరు దాటాలి. ఎవరి చదువు గెలిస్తే రేవులు రెండూ వారివి. రెండోవారు మూట సర్దుకోవాలి."

అప్పట్నుంచి సరంగుకు కూర్చుంటే ముళ్లు, నిలబడితే నిప్పులు. అంతలో పద్యం తప్పులేకుండా చెప్పే ఒకే ఒక్క శిష్యురాలు కూడా మధ్యాహ్నాలు అద్దం దగ్గరికి పోతోందని తెలిసింది.

"రెండు పడవల్లో కాళ్లు పెడితే ఏమవుతుందో తెలుసా అమ్మడూ?"

"తెలుసు తాతా. మునిగితే ఈదడం నువ్వే నేర్పావుగా."

"ఆ అద్దానికి ఏం తెలుసే? ఎప్పుడైనా ఏట్లో తడిసిందా?"

"మన పద్యం తడిసి ఎన్నేళ్లయింది తాతా?"

సరంగు తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు. ఆ వారంలో ఆ తువ్వాలు వెయ్యిసార్లు భుజం మారింది.

పందెం రోజున మూడు పడవలు కదిలాయి. సరంగు శిష్యుడు గొంతెత్తి పద్యం చదువుతూ, మూడు నిలువులన్న చోటే ఇసుకలో కూరుకుపోయాడు. పంతులు శిష్యుడు అద్దంలోంచి కన్ను తీయకుండా పోయి, నిన్నటి వరద వేసిన, అద్దంలో ఇంకా కనబడని కొత్త ఇసుక మేట ఎక్కాడు. అమ్మాయి పడవ ఆగుతూ, కదులుతూ, పొద్దు వాలకముందే అవతలి ఒడ్డు తాకి తిరిగొచ్చింది.

"ఎవరి శిష్యురాలివమ్మా?" అన్నారు రాజుగారు, సరంగు రేవు బల్లకట్టు మీద నిలబడి.

సరంగూ పంతులూ ఒకేసారి ముందుకొచ్చి ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నారు.

"పద్యమూ అద్దమూ తగువులాడిన చోట గెడ దించి చూశాను ప్రభూ," అంది అమ్మాయి. "రెండూ ఒకే మాట చెప్పిన చోట రెండుసార్లు దించాను."

సరంగు పంతులు వైపు తిరిగాడు.

"పంతులూ, నీ అద్దంలో ఈ రేవు ఎంత లోతు?"

"మోకాలిబంటి."

"నా పద్యంలోనూ అంతే."

ఆయన బల్లకట్టు మీద బోర్లా పడుకుని గెడ దించాడు. గెడ దిగింది. పిడికిలి మునిగింది, మోచెయ్యి మునిగింది. అడుగు తగల్లేదు.

నలభై ఏళ్లలో మొదటిసారి ఆయన ఏటి లోతు ఇంకొకరిని అడిగాడు. "ఎంత ఉంటుందంటావు అమ్మడూ?"

"తెలీదు తాతా. ఇంకో గెడ కట్టి చూద్దాం."

పంతులు అద్దం ఒడ్డున పెట్టి తాడు కోసం వెళ్లాడు. రాజుగారు తమ కాళ్లకిందున్న బల్లను చూసుకుని, మెల్లగా ఒక అడుగు వెనక్కి వేశారు.