చుక్కలకు పెట్టిన కాటుక

ఒకప్పుడు చుక్కల వెలుగులో ఒక్క నల్లగీత కూడా ఉండేది కాదు. అందుకే ఎవరు ఎవరి బిడ్డో చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

ఆ రోజుల్లో మొయిలమ్మ అనే మబ్బుతల్లి ఉండేది. ఆమెకు భయం ఎక్కువ. పుట్టిన ప్రతి చుక్కకూ దిష్టి తగులుతుందని కాటుక పెట్టేది. బుగ్గన పెడితే వెలుగుకు చెరిగిపోయేది. మరి వెలుగులో ఏడు రంగులు చీర మడతల్లా ఒదిగి ఉంటాయి కదా, ఆ మడతల్లోనే గీసేది. ఎరుపులో రెండు గీతలు, పసుపులో ఒకటి, ఆకుపచ్చలో మూడు. తన బిడ్డలందరికీ అవే.

"వెలుగుకు కాటుకేమిటే, పిచ్చిదానా" అని తక్కిన మబ్బులు నవ్వేవి.

ఒకనాడు పెనుగాలి వచ్చి ఆమె పిల్లల్ని చెల్లాచెదురు చేసింది. అందరిలోకీ చిన్నదైన కెంపి ఎక్కడో ఒంటరిగా పెరిగింది. వెతగ్గా వెతగ్గా అక్క నీలాలు కనబడింది. అప్పటికే నీలాలు దూరప్రయాణానికి బయలుదేరుతోంది. దారిలో తోబుట్టువులు మాత్రమే తోడు నడవాలని ఆకాశంలో కట్టుబాటు.

"అక్కా, నన్నూ తీసుకుపో" అంది కెంపి.

నీలాలు ఎగాదిగా చూసింది. "నువ్వు ఎర్రగా ఉన్నావు, నేను నీలంగా ఉన్నాను. మనకు చుట్టరికమేమిటమ్మా?"

పక్కనే తళుకు అనే నీలం చుక్క ఉంది. "రంగు చూస్తే తెలియడం లేదూ? చెల్లెలిని నేనే" అంది. చుట్టూ చేరిన చుక్కలూ మబ్బులూ తల ఊపాయి. కెంపికి ఏడుపొచ్చింది. ఇప్పుడు తప్పిపోతే అక్క ఇక దొరకదు.

ఈ గొడవ విని మొయిలమ్మ వచ్చింది. ఒళ్లంతా బిడ్డలకే పంచిపెట్టి, పొగపోగులా మిగిలింది పాపం. చూపు కూడా ఆనడం లేదు.

"నా బిడ్డయితే నా కాటుక ఉంటుంది. మడత విప్పి చూడండి" అంది.

మంచుబొట్టును పిలిచారు. తళుకు వెలుగు దానిలోంచి పోయి ఏడు రంగులుగా పరుచుకుంది. ఒక్క గీతా లేదు. నీలాలు వెలుగులో ఆరు గీతలూ ఉన్నాయి. ఇక కెంపి వంతు.

"ఎరుపులో రెండు" అంది మంచుబొట్టు. "పసుపులో ఒకటి. ఆకుపచ్చలో... ఉండండి, సన్నగా ఉన్నాయి. మూడు."

నీలాలు జరిగి, చెల్లెలికి పక్కన చోటిచ్చింది. తళుకు చిన్నబోయి తన దారిన పోయింది. నవ్విన మబ్బులన్నీ ఇళ్లకు పరుగెత్తి, తమ పిల్లలకూ కాటుక పెట్టాయి.

అప్పటినుంచే ఒక తల్లి చుక్కలు, రంగులు వేరైనా, ఒకే దారిన నడుస్తున్నాయి. ఏ చుక్క వెలుగునైనా మూడు పలకల గాజుముక్కతో విప్పి చూస్తే సన్నటి నల్లగీతలు కనిపిస్తాయి. మొయిలమ్మ ఏనాడో కరిగిపోయింది. ఆమె పెట్టిన కాటుక ఇంకా చెరగలేదు.